నెమ్ము కేసులో ప్లేట్‌లెట్లు: పడినప్పుడు ఎందుకు ఎక్కించలేదు, పెరిగినప్పుడు ఏం వెతికాం

పేషెంట్ వయసు 46, పురుషుడు. షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. సిగరెట్ అలవాటు చాలా ఏళ్లది. నాలుగు రోజులుగా చలితో జ్వరం, ఊపిరి పీల్చినప్పుడల్లా కుడి డొక్కలో పోటు, తుప్పు రంగులో కళ్లె. ఎమర్జెన్సీకి తీసుకొచ్చేసరికి ఒక వాక్యం పూర్తిగా చెప్పలేనంత ఆయాసం. శ్వాస నిమిషానికి 34, నాడి 124, బీపీ 96/58, జ్వరం 102.6. ఆక్సిజన్ పెట్టకముందు సాచురేషన్ 84 శాతం. ఎక్స్-రేలో కుడి ఊపిరితిత్తి కింది లోబు పూర్తిగా తెల్లబడి ఉంది. తెల్లకణాలు 21,400, క్రియాటినిన్ 1.8, లాక్టేట్ 3.6. ప్లేట్‌లెట్లు 1,62,000.

మూత్రంలో నెమ్ము (న్యుమోనియా) తెచ్చే న్యుమోకాకస్ అనే బాక్టీరియా ఆనవాలు (యాంటిజెన్) పాజిటివ్ వచ్చింది. మర్నాటికి బ్లడ్ కల్చర్‌లోనూ అదే బాక్టీరియా పెరిగింది. కాబట్టి జబ్బేమిటన్న దాంట్లో పెద్ద మిస్టరీ ఏమీ లేదు. ఈ కేసు రాయడానికి కారణం ఆ చివరి అంకె, 1,62,000. ఆ రోజు దాన్ని చూసి ఎవరూ కంగారు పడరు. తర్వాతి రెండు వారాల్లో అది ముందు పాతాళానికి పడి, ఆ తర్వాత మామూలు హద్దు దాటి పైకి పోయింది. రెండుసార్లూ ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతోందో చెప్పింది. పేషెంటును గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

మొదటి మూడు రోజులు

సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు గంటలోపే మొదలయ్యాయి. బీపీ నిలవకపోవడంతో మెడ దగ్గర పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్ అనే గొట్టం వేసి బీపీ నిలబెట్టే నార్‌అడ్రినలిన్, దాంతోపాటు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చాం. కాళ్లలో గడ్డలు కట్టకుండా తక్కువ మోతాదు హెపారిన్. ఆ రాత్రే వెంటిలేటర్ తప్పలేదు. మర్నాడు ఉదయం ఎక్స్-రేలో రెండు వైపులా తెలుపు కమ్ముకుంది. రక్తంలోని ఆక్సిజన్‌ను ఇస్తున్న ఆక్సిజన్ వాటాతో భాగిస్తే వచ్చే పీ/ఎఫ్ నిష్పత్తి 112. 2012 నాటి బెర్లిన్ నిర్వచనం ప్రకారం 100 నుంచి 200 మధ్య ఉంటే మధ్యస్థాయి ఏఆర్‌డీఎస్, అంటే ఊపిరితిత్తులు నీరు పట్టి రక్తానికి ఆక్సిజన్ అందించలేకపోయే స్థితి.

వెంటిలేటర్ విషయంలో కొత్తగా చేసిందేమీ లేదు. ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువుకు కిలోకు 6 మి.లీ. చొప్పున శ్వాస, రోజుకు 16 గంటలకు తగ్గకుండా బోర్లా పడుకోబెట్టడం. 2013లో వచ్చిన ప్రోసెవా ట్రయల్‌లో ఇలా బోర్లా పడుకోబెట్టినందుకు 28 రోజుల్లో మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి. ఏఆర్‌డీఎస్‌లో ఇంత లాభం చూపిన మందు ఒక్కటీ లేదు.

ప్లేట్‌లెట్లు రెండో రోజు 94,000. మూడో రోజు 41,000.

ఇప్పుడు రిపోర్టులు డాక్టరు కంటే ముందు బంధువుల ఫోన్లోకి వెళ్తున్నాయి. నేను రౌండ్స్ పూర్తిచేసి బయటకి వచ్చేసరికే పేషెంటు అన్నగారు ఎదురొచ్చారు. "మేడమ్, నలభై వేలకి వచ్చేశాయంట కదా! రక్తం ఇవ్వడానికి కుర్రాళ్లని రెడీగా ఉంచాను. ముందు ప్లేట్‌లెట్లు ఎక్కించేయండి" అన్నారు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. ప్లేట్‌లెట్లు అనగానే చాలామందికి డెంగీ గుర్తొస్తుంది, డెంగీ అనగానే రక్తస్రావం గుర్తొస్తుంది. అంకె పడిందంటే నింపేయాలి అనుకోవడం సహజం. కానీ ఎక్కించే ముందు అవి ఎటు పోయాయో తెలియాలి.

ఎటు పోయాయి?

మొదట అసలు పడ్డాయా లేదా అన్నది తేల్చుకున్నాం. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం కలిపిన ట్యూబులో కొందరి ప్లేట్‌లెట్లు గుత్తులుగా అతుక్కుపోయి మెషీన్ లెక్కలోకి రావు. అలాంటప్పుడు రక్తంలో లేని కొరత రిపోర్టులో కనిపిస్తుంది. స్మియర్, అంటే గాజు పలక మీద పరిచిన రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూశాం. గుత్తులు లేవు. చిరిగిన ఎర్రకణాలు లేవు కాబట్టి చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే టీటీపీ లాంటి జబ్బులు వెనక్కి పోయాయి. అక్కడక్కడా పెద్ద సైజు ప్లేట్‌లెట్లు కనిపించాయి. అవి ఎముక మూలుగ నుంచి కొత్తగా బయటికొచ్చినవి. కొత్త ప్లేట్‌లెట్ల వాటా 14 శాతం, మా ల్యాబ్‌లో మామూలుగా 7 లోపే ఉంటుంది. అంటే ఫ్యాక్టరీ ఆగలేదు, సరుకు ఎక్కడో ఖర్చయిపోతోంది.

హెపారిన్ వల్ల ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బు ఒకటుంది. అది సాధారణంగా మందు మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజుల మధ్య బయటపడుతుంది. ఈయనకు ఒక్క రోజులోనే పతనం మొదలైంది, ఈ మధ్యకాలంలో ఎప్పుడూ హెపారిన్ తీసుకోలేదు. డెంగీ, మలేరియా పరీక్షలు నెగెటివ్. ప్లీహం పెరగలేదు. మిగిలింది డీఐసీ, అంటే ఒళ్లంతా చిన్న నాళాల్లో రక్తం గడ్డకడుతూ ప్లేట్‌లెట్లు ఖర్చయిపోయే స్థితి. ప్రోథ్రాంబిన్ టైము రెండు సెకన్లే ఎక్కువ, ఫైబ్రినోజెన్ తగ్గకపోగా 480, డీ-డైమర్ ఓ మోస్తరుగా పెరిగింది. స్కోరు 4. డీఐసీ అని తేల్చడానికి 5 కావాలి. రేపు 5 కావచ్చు కూడా, అందుకే ఈ పరీక్షలు రోజూ పంపించాం.

చివరకు మిగిలిన జవాబు ఊపిరితిత్తులే.

గుండె కుడివైపు నుంచి పంపే రక్తం మొత్తం, నిమిషానికి దాదాపు ఐదు లీటర్లు, ఊపిరితిత్తుల గుండానే పోవాలి. అక్కడి కేశనాళికలు ఎంత సన్ననివంటే న్యూట్రోఫిల్ అనే తెల్లకణం తన ఆకారం సాగదీసుకుంటే తప్ప ముందుకు కదలదు. అందుకే మామూలు రోజుల్లో కూడా అక్కడ తెల్లకణాలు గుంపుగా నిలిచి ఉంటాయి. ప్లేట్‌లెట్ దానికంటే చాలా చిన్నది, 2 నుంచి 3 మైక్రోమీటర్లు. కేంద్రకం లేదు, ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. 1882లో ఇటలీ శాస్త్రవేత్త బిజ్జోజెరో రక్తం గడ్డకట్టడంలో దీని పాత్రను చూపించినప్పటి నుంచి వైద్య పుస్తకాల్లో దీనికి దాదాపు ఒకటే ఉద్యోగం: గాయాన్ని పూడ్చడం. రెండో ఉద్యోగం సంగతి గట్టిగా పట్టించుకున్నది గత పాతికేళ్లలోనే.

ప్లేట్‌లెట్ మీద బాక్టీరియాను పసిగట్టే టోల్ రిసెప్టర్లు ఉంటాయి. యాంటీబాడీలు అంటుకున్న బాక్టీరియాను పట్టుకునే రిసెప్టరూ ఉంటుంది. ఉత్తేజితమైన క్షణాల్లోనే లోపలి సంచుల్లో దాచుకున్న పీ-సెలెక్టిన్ అనే ప్రొటీన్‌ను పైపొరకు తెస్తుంది. అది న్యూట్రోఫిల్‌ను పట్టుకునే కొక్కెం. పట్టుకున్నాక ఊరుకోదు. పీఎఫ్4, రాంటెస్ లాంటి రసాయనాలు వదిలి మరిన్ని తెల్లకణాలను పిలుస్తుంది. న్యూట్రోఫిల్ తన డీఎన్ఏనే బయటికి చిమ్మి వలలా పరచగలదని 2004లో తెలిసింది. టోల్ రిసెప్టర్-4 ద్వారా మేల్కొన్న ప్లేట్‌లెట్లు న్యూట్రోఫిల్‌ను ఆ పనికి పురికొల్పుతాయని 2007లో తెలిసింది. వలలో బాక్టీరియా చిక్కుతుంది, మంచిదే. కానీ ఆ వలకు అతుక్కుని ఉండే హిస్టోన్ ప్రొటీన్లు రక్తనాళం లోపొరను కాలుస్తాయి, మళ్లీ కొత్త ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి. అవి మళ్లీ న్యూట్రోఫిల్స్‌ను. ఈ విషవలయం వేగం అందుకుంటే గాలిగదుల్లోకి నీరు, ప్రొటీన్ కారిపోతాయి. వెంటిలేటర్ మీద మనం చూసే గట్టిపడిన ఊపిరితిత్తి అదే. పైగా న్యుమోకాకస్ వదిలే న్యుమోలైసిన్ అనే విషం ప్లేట్‌లెట్ పొరకే చిల్లులు పెడుతుంది.

ఇలా ఊపిరితిత్తుల్లో ఇరుక్కుని, తెల్లకణాలకు అంటుకుని, ఖర్చయిపోయినవి వేలి నుంచో చేతి నుంచో తీసిన రక్తంలో లెక్కకు రావు. 41,000 అన్న అంకెను నేను చదివింది ఇలాగే. శరీరంలో రక్తస్రావం ముప్పు ఎంతన్నదానికంటే ఊపిరితిత్తుల్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) ఎంతన్నదే అది ఎక్కువగా చెబుతోంది. ఐసీయూలో అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో లెక్కగట్టే సోఫా స్కోరులో ప్లేట్‌లెట్లకు ఒక గడి ఉండటం ఊరికే కాదు.

ఇంకో విశేషం. ఊపిరితిత్తి ప్లేట్‌లెట్లను వాడుకోవడమే కాదు, తయారీలోనూ చేయి వేస్తుంది. మూలుగలోంచి బయలుదేరిన మెగాకార్యోసైట్లు అనే పెద్ద కణాలు ఊపిరితిత్తుల నాళాల్లో ఆగి అక్కడే ప్లేట్‌లెట్లుగా విడిపోతాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌ఫ్రాన్సిస్కో శాస్త్రవేత్తలు 2017లో బతికున్న ఎలుకల ఊపిరితిత్తులను మైక్రోస్కోపు కింద చూస్తే గంటకు కోటికి పైగా ప్లేట్‌లెట్లు అక్కడ పుట్టడం కనిపించింది, వాటి మొత్తం ఉత్పత్తిలో దాదాపు సగం. మనిషిలో ఈ వాటా ఎంతన్నది ఇంకా చర్చలోనే ఉంది.

అయితే ప్లేట్‌లెట్లు శత్రువులా?

రౌండ్స్‌లో మా జూనియర్ డాక్టర్ ఇదే అడిగాడు. "మేడమ్, ఇంత హాని చేస్తుంటే తగ్గడమే మంచిది కదా? పోనీ ఆస్పిరిన్ ఇచ్చి వాటి నోరు మూయిస్తే?"

ప్రశ్న మంచిదే, దానికి వెనక సాక్ష్యమూ ఉంది. ఎలుకల్లో యాసిడ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నప్పుడు ప్లేట్‌లెట్లు తీసేసినా, పీ-సెలెక్టిన్‌ను అడ్డుకున్నా నష్టం తగ్గింది. దాంతో ఆశ పుట్టింది. 2016లో లిప్స్-ఏ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఏఆర్‌డీఎస్ వచ్చే ముప్పున్న పేషెంట్లలో సగం మందికి ఆస్పిరిన్ ఇచ్చారు. వారం రోజుల్లో ఏఆర్‌డీఎస్ వచ్చినవాళ్లు ఆస్పిరిన్ వైపు 10.3 శాతం, ఉత్తి మాత్ర వైపు 8.7 శాతం. లాభం సున్నా. కోవిడ్ సమయంలో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ దాదాపు 15 వేల మందిలో ఇదే చూసింది. 28 రోజుల మరణాలు రెండు వైపులా 17 శాతమే.

ఎందుకిలా? ఆస్పిరిన్ మూసేది థ్రాంబాక్సేన్ అనే ఒక్క తలుపును. రక్తం గడ్డకట్టించే థ్రాంబిన్ ద్వారా ప్లేట్‌లెట్ మేల్కొనే దారి తెరిచే ఉంటుంది, ఇన్ఫెక్షన్‌తో అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌లో థ్రాంబిన్‌కు కొదవ లేదు. ఎలుకలో మందు ముందు, గాయం తర్వాత. మన పేషెంటు మన దగ్గరకు వచ్చేది గాయం అయ్యాకే. నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద కారణం మరొకటి: అదే ప్లేట్‌లెట్ అదే సమయంలో కాపలా కూడా కాస్తోంది.

న్యూట్రోఫిల్ నాళం గోడను చీల్చుకుని బయటికి వెళ్లినప్పుడు అక్కడ సన్నని రంధ్రం పడుతుంది. దాన్ని గడ్డ కట్టకుండానే ఒకటి రెండు ప్లేట్‌లెట్లు వచ్చి మూసేస్తాయి. ప్లేట్‌లెట్లు వదిలే యాంజియోపొయిటిన్-1, స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ నాళపు లోపొర కణాల మధ్య అతుకులను బిగిస్తాయి. బాక్టీరియాను నేరుగా చంపే చిన్న ప్రొటీన్లూ వాటి దగ్గర ఉంటాయి. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎలుకలకు క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాతో నెమ్ము తెప్పించి ప్లేట్‌లెట్లను దాదాపు పూర్తిగా తొలగిస్తే ఊపిరితిత్తుల్లో రక్తం కారింది, బాక్టీరియా విపరీతంగా పెరిగింది, ఎక్కువ ఎలుకలు చనిపోయాయి. కానీ మామూలు సంఖ్యలో పదో వంతు కంటే తక్కువ మిగిల్చినా చాలు, రక్తస్రావం ఆగింది. అంటే కాపలాకు కావలసినవి చాలా కొద్ది. మంట కోసం ఖర్చయ్యేవే వేలకు వేలు. ఎలుక లెక్కలను మనిషికి యథాతథంగా అన్వయించకూడదు నిజమే, కానీ 41,000 చూసి నేను గాభరా పడకపోవడానికి ఈ అవగాహన కొంత కారణం.

కాబట్టి జూనియర్‌కు నేను చెప్పింది ఇంతే: ఏఆర్‌డీఎస్ కోసం ఆస్పిరిన్ వద్దు. గుండెపోటు లక్షణాలు వస్తే అది వేరే సంగతి. న్యుమోకాకస్ నెమ్ములో గుండెపోటు నిజంగానే వస్తుంది, ఉత్తేజితమైన ప్లేట్‌లెట్లకు అందులో భాగం ఉంది. అందుకే ఈసీజీ, గుండె దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ మొదటి రోజు నుంచే చూస్తూ వచ్చాం. రెండూ బాగానే ఉన్నాయి.

ఎక్కించాలా వద్దా

అన్నగారిని, పేషెంటు భార్యను కూర్చోబెట్టి మాట్లాడాను. "ఇప్పుడు ఎక్కడా రక్తం పోవట్లేదమ్మా. ట్యూబులోంచి తీసిన కఫంలో చిన్న ఎర్ర చార తప్ప ఏమీ లేదు. మెడలో వెయ్యాల్సిన లైను అంకె బాగున్నప్పుడే వేసేశాం. పదివేల కంటే కిందికి వెళ్లినా, ఎక్కడైనా రక్తం పోతున్నా, ఏదైనా ఆపరేషన్ లాంటిది చెయ్యాల్సి వచ్చినా వెంటనే ఎక్కిస్తాం. ఇప్పుడు ఎక్కిస్తే అవి కూడా అదే ఊపిరితిత్తుల్లోకే పోతాయి" అని చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగారు: "ఎక్కిస్తే నష్టమేముందమ్మా?"

నష్టం ఉంది. రక్తం ఎక్కించిన ఆరు గంటల లోపు ఊపిరితిత్తులు హఠాత్తుగా నీరు పట్టే ట్రాలీ అనే ప్రమాదం ప్లేట్‌లెట్ల సంచులతోనూ వస్తుంది. ఏఆర్‌డీఎస్‌లో ఉన్న ఊపిరితిత్తికి అది మరో దెబ్బ, వచ్చినా ఏది దేనివల్లో విడదీయలేం. నిల్వ ఉన్న సంచుల్లో మంటను రేపే పదార్థాలు పేరుకుంటాయి. ప్లేట్‌లెట్లు ఎక్కువ ఎక్కిస్తే మేలు ఎక్కువ అన్న నమ్మకాన్ని గట్టిగా కుదిపింది 2019లో వచ్చిన ప్లానెట్-2 ట్రయల్. నెలలు నిండని 660 మంది పసిపిల్లల్లో 50,000 లోపు పడగానే ఎక్కించిన గుంపులో మరణం లేదా పెద్ద రక్తస్రావం 26 శాతం. 25,000 దాకా ఆగిన గుంపులో 19 శాతం. పెద్దవాళ్లకు ఈ అంకెలు నేరుగా వర్తించవు. అయినా సంచిలో ఉన్నది ఒట్టి బిరడా కాదు, మంటకు సంబంధించిన కణం కూడా అని అది గుర్తుచేసింది.

దీన్ని అన్ని చోట్లా "ఎక్కించొద్దు" అని చదవకూడదు. అదే రోజు ఈయనకు కొత్తగా సెంట్రల్ లైన్ వెయ్యాల్సి వస్తే నా నిర్ణయం వేరుగా ఉండేది. 10,000 నుంచి 50,000 మధ్య ఉన్నవాళ్లకు ప్లేట్‌లెట్లు ఎక్కించకుండా లైను వేస్తే రక్తస్రావం పెరిగిందని 2023లో పేసర్ ట్రయల్ చూపించింది: 4.8 శాతానికి బదులు 11.9 శాతం.

నాలుగో రోజు 36,000. ఆ రాత్రి వార్డులో అందరి కళ్లూ మర్నాటి రిపోర్టు మీదే. ఐదో రోజు 52,000 వచ్చింది. ఆసక్తికరంగా, అప్పటికి పీ/ఎఫ్ నిష్పత్తి పెద్దగా కదల్లేదు, ఎక్స్-రే ఇంకా తెల్లగానే ఉంది. నార్‌అడ్రినలిన్ మాత్రం తగ్గుతోంది. ఆరో రోజు 88,000, పీ/ఎఫ్ 190. ఆ తర్వాత ఎక్స్-రే కూడా విప్పారింది. అంకె ముందు మారి ఫిల్మ్ తర్వాత మారడం చాలా కేసుల్లో చూస్తాం. ఎనిమిదో రోజు వెంటిలేటర్ ట్యూబు తీసేశాం.

పైకి పోయిన అంకె

పదకొండో రోజు ప్లేట్‌లెట్లు 6,40,000. బంధువులు సంతోషించారు, నిజానికి వార్డులో మావాళ్లూ సంతోషించారు.

జబ్బు తగ్గేటప్పుడు ఇలా పెరగడం మామూలే. మంటలో విడుదలయ్యే ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయాన్ని థ్రాంబోపొయిటిన్ అనే ప్లేట్‌లెట్లు పెంచే హార్మోన్ ఎక్కువ చెయ్యమంటుంది, అది మూలుగను తోలుతుంది. కొన్ని రోజుల ఆలస్యంతో ఫలితం రక్తంలో కనబడుతుంది. మనిషి కోలుకుంటుంటే, జ్వరం లేకపోతే, ఆ అంకెను వదిలేయొచ్చు. కానీ ఈయనకు ముందురోజు సాయంత్రం నుంచి మళ్లీ 101 జ్వరం. మంట ఎంతుందో చెప్పే సీఆర్‌పీ అప్పటిదాకా తగ్గుతూ వచ్చి, తగ్గడం ఆగిపోయింది. నెమ్ములో ప్లేట్‌లెట్లు బాగా పెరిగి జ్వరం కూడా ఉంటే ఊపిరితిత్తి చుట్టూ చీము చేరిందేమో చూడాలి. కుడివైపు కింద తట్టి చూస్తే మొద్దు శబ్దం. అల్ట్రాసౌండ్‌లో గోడలు గోడలుగా విడిపోయిన నీరు. తీసి చూస్తే మబ్బుగా ఉంది, పీహెచ్ 7.08, గ్లూకోజ్ 32.

7.2 లోపు పీహెచ్ ఉంటే యాంటీబయాటిక్‌తో సరిపెట్టడం కుదరదు, గొట్టం వెయ్యాల్సిందే. సన్న గొట్టం వేసి, 2011 నాటి మిస్ట్-2 ట్రయల్ పద్ధతిలో గడ్డలు కరిగించే టీపీఏ, డీఎన్ఏను కోసే డీఎన్ఏస్ అనే ఎంజైము రోజుకు రెండుసార్లు మూడు రోజులు గొట్టంలోంచి ఇచ్చాం. గోడలు కట్టిన చీములో చిక్కదనానికి ఒక కారణం ఆ న్యూట్రోఫిల్స్ చిమ్మిన డీఎన్ఏ కూడా. డీఎన్ఏస్ కోసేది దాన్నే. టీపీఏ రక్తస్రావం తెచ్చే మందు కాబట్టి ఇదే పరిస్థితి నాలుగో రోజున వచ్చి ఉంటే చాలా తర్జనభర్జన పడాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ బెంగ లేదు.

6,40,000 ఉంది కదా, ఆస్పిరిన్ మొదలుపెడదామా అన్న ప్రశ్న మళ్లీ వచ్చింది. మంట వల్ల పెరిగిన ప్లేట్‌లెట్లకు, మూలుగ జబ్బు వల్ల పెరిగినవాటికి తేడా ఉంది. మొదటి రకంలో అంకె కోసమని మందు ఇవ్వరు, కారణానికి ఇస్తారు. అయితే మంచం మీద ఉన్న మనిషి, ఇంకా మంట తగ్గని శరీరం కాబట్టి కాళ్ల గడ్డల నివారణకు ఇచ్చే హెపారిన్ మాత్రం లేచి నడిచేదాకా ఆపలేదు.

చీము కారడం ఆగాక జ్వరం దిగింది. ఇంటికి పంపేటప్పుడు 5,10,000. ఆరు వారాల తర్వాత వచ్చినప్పుడు 2,70,000. ఎక్స్-రేలో కుడి కింద భాగంలో ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర కొంచెం మందంగా ఉంది, మెట్లు ఎక్కితే కాస్త ఆయాసం ఉందన్నారు. సిగరెట్ మానేశారు. 65 ఏళ్లు దాటినవాళ్లలో నెమ్ముతో ఆస్పత్రి పాలైన మొదటి నెలలో గుండె, మెదడు జబ్బుల ముప్పు దాదాపు నాలుగింతలని 2015లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఈయన వయసు తక్కువే అయినా షుగర్, పొగ రెండూ ఉన్నాయి. అందుకే కొలెస్ట్రాల్ చూసి స్టాటిన్ మొదలుపెట్టాం, గుండె డాక్టరు దగ్గరకు పంపాం. న్యుమోకాకస్ వ్యాక్సిన్ ఆ రోజే వేశాం. మూడు నెలలకు ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే స్పైరోమెట్రీకి రమ్మన్నాం.